ఉడుము ఎక్కిన బస్సు

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గానీ, దాంతో పిలిస్తే ఆమె కూడా వెంటనే పలకదు. ఊరందరికీ ఆమె ఉడుము. చిన్నవాళ్లకు ఉడుమక్క, ఇంకా చిన్నవాళ్లకు ఉడుమత్త.

ఆ పేరు పుట్టింటి నుంచే వెంట వచ్చింది. పిల్లప్పుడు ఒకరోజు తల్లి పక్కన ఇసుకలో కూర్చుని ఉంటే, చేపలు కొనే బేరగాడు ఒకడు బుట్టలోంచి పెద్ద చేపను మొప్పల దగ్గర పట్టి ఎత్తి, అది కొసరని నవ్వుతూ నడిచాడు. తల్లి నోరు మెదపలేదు. రేపు మళ్లీ వాడే కొనాలి. పిల్ల మాత్రం లేచి పోయి వాడి చొక్కా అంచు పట్టుకుంది. వాడు విదిలించాడు, గదమాయించాడు, చెయ్యెత్తాడు. పిల్ల ఇసుకలో ఈడ్చుకుంటూ పోయిందే తప్ప పట్టు వదల్లేదు. చివరికి చొక్కా పర్రున చిరిగేసరికి చేపను బుట్టలో పడేసి తిట్టుకుంటూ పోయాడు. ఇది ఆడపిల్లా ఉడుమా అని ఎవరో అన్నారు, ఆ పేరే ఖాయమైంది. ఆ రోజు తల్లి ఆమెను వీపు చిట్లేలా కొట్టింది. కొట్టి, ఆ చేపనే ఇంటికి తెచ్చి వండి పెట్టింది.

పెళ్లయి వచ్చిన ఊరు కూడా కడలి ఒడ్డునే. ఒకవైపు సముద్రం, ఒకవైపు తారు రోడ్డు, మధ్యలో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఇళ్లు. ఆమె కాపురం పెట్టిన ఇంట్లో దూలాలకు వలలు వేలాడుతుండేవి. లోపలికి వెళ్లాలంటే ఎవరైనా తల వంచాల్సిందే. ఆమె జీవితంలో తల వంచింది ఆ గుమ్మం దగ్గర ఒక్కచోటేనని వాళ్ల అత్త అంటుండేది.

మొగుడు మాటల పొదుపరి. రోజుకు పది మాటలాడితే అందులో ఆరు వలతో, రెండు పడవతో. ఇంట్లో మాటలకు కరువు రాకుండా అత్త చూసుకునేది. అత్తాకోడళ్లు ఉప్పూ నిప్పూ. పొయ్యి దగ్గర మొదలైన తగువు వీధి దాటి రోడ్డెక్కేది. కానీ బజారులో పక్కపక్కనే బుట్టలు పెట్టుకుని కూర్చున్నారంటే, బేరమాడేవాళ్లకు ఇద్దరూ కలిసి ఊపిరాడనిచ్చేవాళ్లు కాదు.

ఆ ఊళ్లో వేట మగవాళ్లది, అమ్మకం ఆడవాళ్లది. తెల్లారకముందే పడవలు ఒడ్డుకు తగులుతాయి. ఇసుక మీదే వేలంపాట సాగుతుంది. పాటలో దక్కిన చేపలను ఆడవాళ్లు ఉప్పునీళ్లలో కడిగి, పొరకో గుప్పెడు ఐసుముక్కలు వేసి, పైన తడి గోనె కప్పి రోడ్డు దగ్గరికి పరుగెత్తుతారు. పట్నం బజారుకు పోయే మొదటి బస్సు అందితే ఆ రోజు గడిచినట్టు. అందకపోతే చేసిన పనంతా ఇసుకలో పోసిన నీళ్లే. వంకాయ సాయంత్రం దాకా ఓపిక పడుతుంది. చేపకు ఆ ఓపిక లేదు.

చాలా ఏళ్లు ఆ దారిన ఒక పాత బస్సు తిరిగింది. దానికి కిటికీలు మూసుకోవు, తలుపు ఒక్కోసారి తెరుచుకోదు, కానీ బుట్టలకు వెనక చోటుండేది. ఆ బస్సు యజమాని ముసలివాడై దాన్ని అమ్ముకున్నాక కొత్త యజమాని వచ్చాడు. మెత్తటి సీట్లు, కిటికీలకు తెరలు, తలుపు దగ్గర ఇస్త్రీ చొక్కా వేసుకున్న కొత్త కండక్టరు. మొదటి రోజే అతను తలుపుకు అడ్డంగా చెయ్యి పెట్టాడు. మనుషులు ఎక్కవచ్చట, బుట్టలు ఎక్కకూడదట. ప్రయాణికులు వాసన భరించలేరట.

"మన చేపలు తినే నోళ్లే, మనల్ని చూసి ముక్కులు మూసుకునేది," అంది అత్త, బస్సు లేపిన దుమ్ములో నిలబడి.

ఆ రోజు నుంచి ఆడవాళ్ల బతుకు రోడ్డున పడింది. లారీలను ఆపి బతిమాలేవాళ్లు. ఆపి ఎక్కించుకునేవాడు ఒకడైతే, ఆపి కూతలు కూసేవాడు మరొకడు. ఏ బండీ దొరక్కపోతే పొద్దెక్కాక వ్యానేసుకుని వచ్చే దళారి ఉండనే ఉన్నాడు. కరిగిపోతున్న ఐసు వంక ఒకసారి, ఆడవాళ్ల మొహాల వంక ఒకసారి చూసి నోటికొచ్చిన ధర చెప్పేవాడు. ఇస్తే ఇవ్వండి లేకపోతే పారబోసుకోండి అన్నట్టుండేది వాడి వాలకం.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఊళ్లోకి సంస్థ అమ్మాయి వచ్చింది. పేద మత్స్యకారుల అభివృద్ధికని పట్నంలో ఒక సంస్థ ఉంది. ఆ అమ్మాయికి అందులో కొత్తగా ఉద్యోగం. ఆడవాళ్లను సంఘంగా కూడగట్టి కొవ్వొత్తుల తయారీ నేర్పమని పంపారు. వలలు దాచుకునే రేకుల షెడ్డులో మైనం కరిగించే గిన్నెలు, అచ్చులు దించింది. పని మనసు పెట్టి నేర్పేది, విసుక్కునేది కాదు. ఆడవాళ్లు ఆమెకు కొవ్వొత్తుల పిల్ల అని పేరు పెట్టుకున్నారు. నేర్చుకున్నారు కూడా. కానీ చేసిన కొవ్వొత్తులు రేకుల వేడికి మధ్యాహ్నానికల్లా నడుములు వంచేసేవి. నిటారుగా నిలిచినవి వెలిగిస్తే చేపల వాసన కొట్టేవి. మన చేతి మహిమ, దీపం కూడా కూరలా ఉందని అత్త నవ్వితే షెడ్డంతా నవ్వింది. ఆ పిల్లా నవ్వింది గానీ, కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఉడుము గిన్నె పక్కకు జరిపి ఆమె ముందు కూర్చుంది.

"అమ్మాయ్, నీ మంచితనానికి వంక పెట్టట్లేదు. కానీ మాకు చేతినిండా పనుంది. చేపలమ్మడం మా అమ్మలు నేర్పారు, బాగానే వచ్చు. పోయింది పని కాదు, బస్సు. నీ సంస్థ దాని గురించి ఏమైనా చేస్తుందా?"

పై వాళ్లను అడుగుతానని ఆ పిల్ల చెప్పింది. అడిగింది కూడా. బస్సుల గొడవ మన పరిధిలోకి రాదని జవాబు వచ్చింది. ఆ సంగతి చెప్పడానికి మొహం చెల్లక, ఒక ఉదయం ఆడవాళ్లు బుట్టలతో నిలబడి చూస్తుండగా ఆమె అదే బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, తెర లాగేసుకుని పట్నం వెళ్లిపోయింది. ఇక రాదనుకున్నారు. మూడోనాడు వచ్చింది. మైనం గిన్నెలు సర్ది గోనెలో కట్టేసి, ఇప్పుడేం చేద్దామని ఉడుమును అడిగింది.

"నువ్వేం చెయ్యకు. నేను బస్సెక్కుతా," అంది ఉడుము.

చెప్పినట్టే మర్నాడు ఎక్కింది. ఆమె ఉద్దేశం మొగుడికి ముందే తెలుసో ఏమో, బుట్ట అంచు ఊడిపోతున్న చోట వలతాడుతో గట్టిగా అల్లి ఉంచాడు. కండక్టరు ముందు తలుపు దగ్గర ఎవరిదో ఉల్లిపాయల బస్తా లోపలికి లాగుతుండగా ఆమె వెనక తలుపు నుంచి ఎక్కి, బుట్ట కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుంది. పక్క సీటులో ఒకామె ఒళ్లో కాళ్లు కట్టిన కోడి ఉంది.

కండక్టరు వచ్చాడు. "దిగు."

"టికెట్టివ్వు."

"బుట్టతో ఎక్కొద్దని చెప్పానా, లేదా?"

"చెప్పావు, విన్నాను. కోడి ఎక్కింది, ఉల్లిపాయ ఎక్కింది. నేనూ ఎక్కాను. టికెట్టివ్వు."

అతను బుట్ట మీద చెయ్యి వేశాడు. ఆమె ముందు సీటు ఇనపకడ్డీ రెండు చేతులతో పట్టుకుని, బుట్టను మోకాళ్ల మధ్య బిగించింది. లాగినకొద్దీ సీటు కిర్రుమంది గానీ ఆమె కదల్లేదు. డ్రైవరు వచ్చి తానూ ఒక చెయ్యి వేసి చూశాడు. ఆ తర్వాత ఇంజను ఆపేసి, ఆమె దిగేదాకా బండి కదలదని తేల్చి చెప్పాడు.

ప్రయాణికుల కోపమంతా ఆమె మీదికి మళ్లింది. ఒకడికి ఆఫీసు, ఒకడికి కోర్టు వాయిదా. ఎవరు ఎన్నన్నా ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఒక్క మాట మాత్రం ఆమెను గుచ్చింది. ముందు సీటులో కాలికి కట్టుతో ఒక ముసలాయన ఉన్నాడు, కూతురు ఆసుపత్రికి తీసుకుపోతోంది. నీ మంకుపట్టుకు మా నాన్న బలి కావాలా అని ఆ కూతురు అడిగింది.

ఉడుము డ్రైవరు వైపు తిరిగింది. "తాత కోసం నేను దిగుతా. ఆయన్ని దింపి తిరిగొచ్చాక నన్నూ నా బుట్టనూ ఎక్కించుకుంటావా? అందరి ముందూ చెప్పు."

డ్రైవరు కండక్టరు మొహం చూశాడు. కండక్టరు తల అడ్డంగా ఊపాడు.

"అయితే తాతను ఆపింది నేను కాదు," అంది ఆమె. ఆ మాట గట్టిగానే అంది గానీ, లోపల మనసు పీకుతూనే ఉంది.

ముసలాయన వెనక్కి తిరిగి, చచ్చిన చేప నన్నేం కరుస్తుంది, బండి పోనివ్వరాదా అని డ్రైవరును విసుక్కున్నాడు. ఈలోగా సంస్థ అమ్మాయి రోడ్డు మీద ఒక కారుకు అడ్డం నిలబడి ఆపి, తండ్రీకూతుళ్లను అందులో ఎక్కించింది. మిగతావాళ్లు ఒక్కొక్కరే దిగి వేరే దారి చూసుకున్నారు. ఎండ ఎక్కింది. ఐసు కరిగి బస్సు నేలంతా పారింది. తెల్లవారుజామునే కదిలి ఉంటే చేపలు వాసన తెలియకుండా బజారుకు చేరేవి, ఇప్పుడు నిజంగానే కంపు మొదలెట్టాయి. కండక్టరు ముక్కుకు రుమాలు కట్టుకుని చెట్టు కింద నిలబడ్డాడు. బస్సులో ఆమె ఒక్కతే మిగిలింది.

పోలీసులు వచ్చి ఆమెను స్టేషనుకు తీసుకుపోయారు. ఆమెతో పాటు బుట్టా వెళ్లింది. కాసేపటికి ఊళ్లో ఆడవాళ్లందరూ నడిచి వచ్చి స్టేషను వరండాలో తమ బుట్టలూ దించి బైఠాయించారు. అత్త అందరికంటే వెనక, అన్నం గిన్నె చంకన పెట్టుకుని వచ్చింది. లోపలికి పోనివ్వనన్న పోలీసును గిన్నెతోనే పక్కకు నెట్టింది.

"దీన్ని తిట్టే హక్కు నాది బాబూ, నా కోడలు. మధ్యలో మీకెక్కడిది?" అని, కోడలి ముందు గిన్నె పెట్టింది. "తిను. తిన్నాక నీ సంగతి నేను చెబుతా, ఇంటికాడ."

ఆ చేపల వాసనకు స్టేషనులో పోలీసులెవరికీ ముద్ద దిగలేదు. సాయంత్రానికల్లా, ఇక పొమ్మని వాళ్లే చెప్పి పంపేశారు.

గెలిచామనుకున్నారు. మర్నాటి నుంచి బస్సు ఆ ఊళ్లో ఆగడమే మానేసింది. బుట్టలు లేనివాళ్ల కోసమూ ఆగలేదు. హైస్కూలు పిల్లలు పక్క ఊరి దాకా నడవాల్సి వచ్చింది. నిన్న వరండాలో ఆమె పక్కన కూర్చున్నవాళ్లే ఇవాళ కుళాయి దగ్గర మొహం తిప్పుకున్నారు. ఉన్నది పోగొట్టింది, కొత్తగా తెచ్చిందేమీ లేదు అని సాధించారు. ఊరి పెద్ద అందరినీ పిలిపించి, బస్సు యజమాని కాళ్ల మీద పడితే పోయేదేముందన్నాడు. ఉడుము తాను పడనంది. ఆయన ఆమెతో లాభం లేదని మొగుడి వైపు తిరిగి, నీ పెళ్లానికి నువ్వు చెప్పుకోమన్నాడు.

అంతవరకూ గోడకానుకుని కూర్చున్న మనిషి లేచాడు. "నాకు రాని పని చెప్పకండి పెద్దయ్యా. వలైతే బాగు చేస్తా," అని ఇంటికి పోయాడు.

మర్నాడు వేట నుంచి రాగానే ఆయన తన వలను భుజానేసుకుని రోడ్డెక్కాడు. తారు మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు వల పరిచి, మధ్యలో కూర్చుని చిరుగులు కుట్టడం మొదలెట్టాడు. ఏమిటిదని అడిగినవాడికి ఇసుక తడిగా ఉందనీ, తారు మీద త్వరగా ఆరుతుందనీ చెప్పాడు. ఆ రోజు ఆయన ఖర్చు చేసిన మాటలు అవే. బస్సు వచ్చింది. వల మీదికి ఎక్కిస్తే చక్రాలకు చుట్టుకుంటుంది. ఆగింది. ఆగిన బస్సు ముందు ఉడుము బుట్ట దించి, మొగుడి పక్కన కూర్చుంది. ఇంతకాలం కలిసి కాపురం చేసినా, పట్టపగలు అందరూ చూస్తుండగా అలా పక్కపక్కన కూర్చోవడం వాళ్లకు అదే మొదలు. ఆమెకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. బుట్ట మోసి మోసి పట్టేసిన మెడ ఆ క్షణంలో తేలికపడింది.

కాసేపటికి ఇంకో వల వచ్చింది. తర్వాత మరొకటి. పొద్దెక్కేసరికి రోడ్డు మీద నీలం, పచ్చ, గోధుమరంగు వలలే తప్ప తారు కనపడలేదు. కుళాయి దగ్గర మొహం తిప్పుకున్నవాళ్లూ బుట్టలతో వచ్చి కూర్చున్నారు. సంస్థ అమ్మాయి కూడా వచ్చి వాళ్లలో కలిసింది. పై ఆఫీసరు ఆమెకు ఫోను చేసి శిక్షణ జరుగుతోందా అని అడిగితే, "ఈరోజు అందరూ హాజరయ్యారు సార్, రోడ్డు మీదున్నారు," అంది. ఆ మాటతో ఆమె ఉద్యోగం పోయింది. పోయిందని తెలిశాక కూడా లేవలేదు. అత్త తన తల మీది తడిగుడ్డ తీసి ఆమె నెత్తిన వేసింది.

రాకపోకలు అలా కొన్నాళ్లు స్తంభించాక రవాణా అధికారి బస్సు యజమానిని వెంటబెట్టుకుని వచ్చాడు. ముందుగా యజమాని ఉడుమును పక్కకు పిలిచాడు. నువ్వు తెలివిగలదానివన్నాడు. నువ్వొక్కదానివి మూత పెట్టిన బుట్టతో రోజూ రావచ్చు, టికెట్టు కూడా అక్కర్లేదు, మిగతావాళ్లను లేపమన్నాడు. ఆమె తిరిగి జనంలోకి వచ్చి, ఆ మాటలే ఒక్కటీ పొల్లుపోకుండా అందరికీ వినపడేట్టు అప్పజెప్పింది. యజమాని మొహం గంటు పెట్టుకున్నాడు.

ఆ తర్వాత అసలు మాటలు నడిచాయి. బస్సు వెనక రెండు వరుసల సీట్లు పీకి, నేల మీద అంచులెత్తిన రేకు పళ్లెం వేయడానికి ఒప్పుకున్నారు. నీళ్లు కారితే దాని గొట్టంలోంచి బయటికి పోతాయి. అయితే చేపలమ్మే ఆడవాళ్లు కూడా ఆ వెనకే, బుట్టల దగ్గరే ఉండాలని యజమాని అడ్డుపుల్ల వేశాడు. ఊరి పెద్ద సరే అనబోయాడు. ఉడుము ఆయన్ని ఆగమంది.

"చేపలు వెనక కూర్చుంటాయి. మేం ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చుంటాం."

అందులో ఒక్క అక్షరం తగ్గించడానికి ఆమె ఒప్పుకోలేదు. అధికారి వాచీ చూసుకుని, యజమానిని చూసి, సరే అన్నాడు. ఆ సాయంత్రం వలలు చుట్టేసి ఇళ్లకు పోయారు.

కొన్ని వారాలకు పళ్లెం బిగించిన బస్సు వచ్చింది. ఉడుము బుట్టను వెనక పెట్టి, ముందుకు నడిచి, డ్రైవరు వెనక సీటులో కూర్చుంది. పక్కనున్నామె పైట ముక్కుకు అడ్డం పెట్టుకుని లేచిపోయింది. సీటంతా తనదే కావడంతో ఉడుము ఇంకాస్త విశాలంగా సర్దుకుని అత్తను పిలిచి కూర్చోబెట్టుకుంది. కండక్టరు మొహం చూడకుండా టికెట్టు చించి ఇచ్చాడు. అతను రిటైరయ్యేదాకా ఆ బస్సులోనే పనిచేశాడు, ఒక్కరోజు కూడా ఆమెను పలకరించలేదు. ఆమెకూ ఆ లోటు అనిపించలేదు.

సంస్థ అమ్మాయి వేరే చోట బడిలో పని చూసుకుంది. వెళ్లేముందు ఉడుము ఆమెను ఇంటికి పిలిచి భోజనం పెట్టింది. ఉద్యోగం పోగొట్టానే అని నొచ్చుకుంటే, ఎప్పటికైనా పోయేదేలే అక్కా, నాకు కొవ్వొత్తులు సరిగా రావు అందా పిల్ల. అత్త ఆ తర్వాత కొన్నేళ్లకు పోయింది. ఆఖరి రోజుల్లో కూడా కోడలు వండిన కూరలో ఉప్పు తక్కువైందనే అంది. ఆమె పోయిన నెలంతా ఉడుము ఇంట్లో ఎవరితోనూ తగువు పెట్టుకోలేదు. అది చూసి మొగుడు భయపడ్డాడట.

ఇప్పుడు ఆమెకు మోకాళ్లు పట్టేశాయి. బుట్టను ఆమె కొడుక్కి చేసుకున్న కోడలు ఎత్తుకుంటుంది. అయినా వారానికి రెండుమూడుసార్లు బజారుకు పోకుండా ఉండలేదు. మొన్నామధ్య పట్నం బజారుకు కొత్త భవనం కట్టారు. ఆడవాళ్ల కోసం మరుగుదొడ్లూ కట్టారు గానీ తాళం వేసి ఉంచారు. పెద్దవాళ్లు తనిఖీకి వచ్చినప్పుడు తీస్తారట. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చునే ఆడవాళ్లు మంచినీళ్లు తాగడం మానుకుని బతకాలి. ఉడుము పోయి బజారు సూపర్‌వైజరును మర్యాదగా అడిగింది. మళ్లీ వెళ్లి అడిగింది. ఆ తర్వాత అడగలేదు. పక్క దుకాణంలో తూకపు రాయి తీసుకుని, కోడలి భుజం పట్టుకుని కుంటుకుంటూ వెళ్లి, తాళం మీద నాలుగు దెబ్బలు వేసింది. అది ఊడి పడింది.

సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చి కేసు పెడతానన్నాడు.

"పెట్టు బాబూ. పేరు నేనే చెబుతా, రాసుకో," అని, ఆమె ముందు లోపలికి వెళ్లొచ్చింది. తర్వాత మిగతావాళ్లను పంపింది.

కేసూ పెట్టలేదు, కొత్త తాళమూ పెట్టలేదు. ఒడ్డు మీద ఐసు గది కట్టిస్తామని మత్స్యశాఖవాళ్లు ఇచ్చిన మాట మాత్రం అలాగే ఉండిపోయింది. వాళ్ల ఆఫీసులో అడిగితే వచ్చే ఏడాదంటారు, వచ్చే ఏడాది వెళితే మళ్లీ అదే మాట. ఇప్పుడక్కడ వరండాలో ఆమె కోసం ఒక బల్ల ఖాళీగా ఉంచుతారు. ఆమె వస్తే ఎలాగూ లేవదని వాళ్లకు తెలిసిపోయింది.